ఆదివారం తెల్లారి

చర్లపల్లి జైలు,
8 జూన్ 2025

రాజశ్రీ వదినకు, నీ చెల్లె మొగుడు కరుణాకర్ నమస్తే పెట్టి రాస్తున్నది.

నువ్వు జవాబిస్తవన్న నమ్మకం నాకు లేదు. నాలుగేండ్ల నుంచి నేను రాసిన ఒక్క ఉత్తరానికీ ఇయ్యలేదు. అయినా అడగకుండా ఊకుంటే నాకు పిచ్చిలేస్తది. ఈ కాగితం ఆఫీసుల చదివి ముద్ర వేసినంక ములాఖత్‌కు వచ్చే మా చెల్లె ఉమారాణికి ఇస్తరు. ఆమె ఫోటో తీసి నీ మెయిల్‌కు పంపుతది. ఉమ పేరు చూసి తీసెయ్యకు, జర చదువు.

మా అమ్మ ఈరమ్మకు కంటి ఆపరేషన్ ఉన్నది. దాని మీద పెరోల్‌కు దరఖాస్తు పెట్టిన. ఆరేండ్లల్ల ఇదే మొదలు. మంజూరైతే ఒక వారం నాచారంల మా ఇంట్ల ఉంట. ఆ వారంలో ఒక్కనాడన్న నా బిడ్డ చందనను తీసుకొచ్చి చూపించు. నీ చెల్లె ధనశ్రీ కామెర్లతో పోయినంక, పిల్లను మీ దేశం తీసుకపోయే ముందు, ఒక్కసారి ఈడికి తెచ్చి ములాఖత్ కాడ ఇనుప జాలీ అవతల నిలబెట్టినవు. అప్పుడు దానికి ఐదేండ్లు. ఇప్పుడు తొమ్మిది. ఎంత ఎత్తయిందో కూడా నాకు తెల్వదు. ఇక్కడి వడ్రంగి షెడ్డుల బడి కుర్చీలు చేస్త. ప్రతి కుర్చీ పక్కన చెయ్యి పెట్టి, చందన ఇంత ఉంటదా, ఇంకా పొడుగుంటదా అని చూస్త. పక్కోళ్ళు నవ్వుతరు. నవ్వనీ.

లైబ్రరీల బడిపిల్లల అట్లాస్ దొరికింది. హైదరాబాద్ నుంచి మీ క్రైస్ట్‌చర్చ్ దాకా దారం పెట్టి కొలిస్తే ఇంచుమించు పన్నెండు వేల కిలోమీటర్లు వచ్చింది. ఇంతకంటె దూరం ఊరు దొరకలేదా మీ ఆయనకు? కానీ నా బ్యారక్‌ల కౌశల్ అని ఒకాయన ఉన్నడు, బయట విమానం టికెట్ల ఏజెన్సీ నడిపినోడు. పొద్దుగాల పదకొండున్నరకు అక్కడ ఎక్కితే అదే రాత్రి పదిన్నరకు శంషాబాద్‌ల దిగుతరన్నడు. అంటే పదకొండు గంటలు! ఉప్పల్‌ల బస్సెక్కి విశాఖపట్నం పోవాలన్నా గంతకంటె ఎక్కువ పడ్తది. ఇంత దగ్గరుండి నాలుగేండ్లు నా బిడ్డను తీసుకురాలేదా అని కోపమొచ్చింది. దాచి ఏం చేస్త?

తిట్టన్న తిట్టు, కానీ జవాబు రాయి.

కరుణాకర్


క్రైస్ట్‌చర్చ్,
15 జూన్ 2025

కరుణాకర్ గారికి,

ముందు మీ లెక్క సరిచేస్తాను, లేకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు. మా గడియారం మీ గడియారం కంటే ఆరున్నర గంటలు ముందు నడుస్తుంది. మేం పదకొండున్నరకి ఎక్కేటప్పుడు మీకక్కడ తెల్లవారుజాము ఐదు. సింగపూర్ దాకా పదిన్నర గంటలు, అక్కడ రెండున్నర గంటలు కూర్చోవడం, అక్కణ్ణించి హైదరాబాద్‌కి నాలుగున్నర. మొత్తం పదిహేడున్నర గంటలు. మీ కౌశల్ గారు ఏజెన్సీ ఎలా నడిపారో గానీ, మీరు నా మీద పెంచుకున్న కోపంలో ఆరున్నర గంటలు తగ్గించుకోండి.

నేను జవాబు రాయకపోవడానికి కారణం మీకు తెలుసు. నా చెల్లెలి శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఉమారాణి నాతో అంది, "మా అన్న లోపలున్నడని సూసి మా పిల్లను ఎత్తుకపోతున్నవ్" అని. నేను ఎత్తుకుపోయానా? మీరు ఫ్యాక్టరీ గేటు దగ్గర కొట్లాటలో మనిషిని తోసేసి, ఆ మనిషి పోయాక జైలుకి వెళ్తే, ధనశ్రీ చివరిదాకా అడిగింది నన్నే కదా, "అక్కా, పిల్ల జాగ్రత్త" అని! ఉమ గొంతు మళ్ళీ ఈ చెవిన పడనివ్వనని ఆ రోజే ఒట్టుపెట్టుకున్నాను. ఆవిడ ఫోన్ ఎత్తను. ఉత్తరం పంపితే చదువుతాను, అంతే.

మీరు కూడా బయటికొచ్చాక ఫోన్ చేయొద్దు. మేం ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది మీరు జైలు ఫోన్ నుంచి ఒకసారి మాట్లాడారు, గుర్తుందా? మాట మధ్యలో లైన్ కట్టయింది. పిల్ల ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది. ఎంత చెప్పినా వదల్లేదు. జాలీ ముందు నిలబెట్టినప్పుడయితే వారం రోజులు నోరు విప్పలేదు. అందుకే చెబుతున్నాను: ఫోన్ వద్దు, జాలీ వద్దు. బయట, ఎండలో, మామూలు మనిషిలా మీరు నిలబడి ఉంటే తీసుకొస్తాను. చేత్తో ముట్టుకునేలా చూపిస్తాను. మా ఆయన హృషికేశ్ కూడా సరే అన్నారు.

పెరోల్ తేదీ తెలియగానే రాయండి. నేను చేసేది వృద్ధాశ్రమంలో. సెలవు ముందు అడగాలి.

రాజశ్రీ


చర్లపల్లి,
3 జూలై 2025

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో చెప్తే నవ్వుతవు. ఆరున్నర గంటల కోపం తగ్గించుకున్న. మిగిలింది కూడా పోయింది.

పెరోల్ వచ్చింది! జూలై పద్నాలుగు, సోమవారం పొద్దుగాల బయటికి వస్త. మళ్ళ ఆదివారం తెల్లారి ఆరు గంటలకు గేటు కాడ హాజరు కావాలె. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఇంక ముందు పెరోల్ మాటే ఎత్తకూడదు. ఆపరేషన్ మొదటి రోజుల్లనే అయిపోతది, మిగిలినదంత చందనకే.

మా ఇంటి ముందర ఎండ మస్తుగ పడ్తది. నువ్వు చెప్పినట్టే ఎండల నిలబడ్త. నీకు ఉమ ముఖం చూడబుద్ధి కాకపోతే ఆమెను లోపలి అర్రల కూచోమంట. ఏమనుకోదు. ఆనాడు నిన్ను అన్న మాటకు నాలుగేండ్ల నుంచి ఏడుస్తనే ఉన్నది, కానీ నీకు చెప్పే మొఖం లేదంటది.

చందనకు ఏమిష్టమో రాయి. అమ్మ సకినాలు చేస్తనంటున్నది. ఆ దేశం పిల్ల కొరుకుతదా, పండ్లు ఇరుగుతయా?

కరుణాకర్


క్రైస్ట్‌చర్చ్,
6 జూలై 2025

కరుణాకర్ గారికి,

ఒక శుభవార్త, ఒక చిన్న బాధ. సెలవు గురువారం నుంచే దొరికింది. పదిహేడో తేదీ పొద్దున ఎక్కి ఆ రాత్రి పదిన్నరకి దిగుతాం. శుక్ర, శని రెండు రోజులు పూర్తిగా మీకే. ఇంతదూరం వచ్చి రెండు రోజులేనా అని నాకూ ఉంది, కానీ అంతకంటే నా చేతుల్లో లేదు.

చందనకి చెప్పాను. హైదరాబాద్ ఎంత దూరం అంది. పదిహేడున్నర గంటలు అన్నాను. వేళ్ళు లెక్కపెట్టి, "నాలుగు సినిమాలు, ఒక నిద్ర, అంతే కదా పెద్దమ్మా" అంది. కిలోమీటర్లు చెబితే దానికి ఎక్కదు. ఆ రాత్రి నుంచి సూట్‌కేసు మంచం పక్కనే పెట్టుకుంది. నాన్నకి ఏం తేవాలి అని రోజుకొకటి పెట్టి రెండు తీస్తోంది. తెలుగు మాట్లాడుతుంది, మాలాగే. మీ మాట అర్థం కాక తెల్లబోతే నొచ్చుకోకండి.

సకినాలు చెయ్యమనండి. పళ్ళు గట్టివే.

ఉమ లోపల గదిలో కూర్చోనక్కర్లేదు. కానీ నన్ను పలకరించొద్దని చెప్పండి.

రాజశ్రీ


సింగపూర్ విమానాశ్రయం,
19 జూలై 2025, శనివారం సాయంత్రం

కరుణాకర్ గారికి,

గురువారం, శుక్రవారం పంపిన రెండు ముక్కలూ అందాయనుకుంటాను. మా ఊళ్ళో పొగమంచు రెండు రోజులు విమానాల్ని లేవనివ్వలేదు. నిన్న రాత్రికి కదిలాం. ఇక్కడ దిగేసరికి ఈ రోజు హైదరాబాద్ విమానాల్లో ఒక్క సీటూ లేదు. ఆ కౌంటర్‌కీ ఈ కౌంటర్‌కీ తిరిగాను, బతిమాలాను, అరిచాను, ఏడ్చాను. ఇస్తే రేపు పొద్దున తొమ్మిదింటికి దిగేదే ఇస్తామన్నారు.

తొమ్మిదింటికి దిగి ఏం లాభం? అప్పటికి అయిపోతుంది. జాలీ వెనక చూపించనని ముందే చెప్పాను. ఆ మాట మీద నేను కదలను, కదిలితే ఈ పిల్ల మళ్ళీ మూగదైపోతుంది. వెనక్కి వెళ్ళే విమానంలో రెండు సీట్లున్నాయి. ఎక్కేస్తున్నాం. తలుపు మూసేస్తున్నారు, పిలుస్తున్నారు.

నాలుగున్నర గంటల దూరం వరకూ వచ్చాం. చందన నాతో మాట్లాడటం లేదు. నన్ను క్షమించండి.

రాజశ్రీ


నాచారం,
20 జూలై 2025, ఆదివారం సాయంత్రం

రాజశ్రీకి,

వదినా అని రాయాలంటే చెయ్యి వస్తలేదు.

గురువారం రాత్రి శంషాబాద్‌కు పోయిన. పొగమంచు అన్నవు, నమ్మిన. శుక్రవారం మళ్ళ పోయిన, శనివారం మళ్ళ పోయిన. బయటికి వచ్చే తలుపు కాడ కడ్డీ పట్టుకుని నిలబడ్డ. తొమ్మిదేండ్ల పిల్ల ఎవరు కనబడ్డా మెడ సాచి చూసిన. ఒక పిల్ల దగ్గరికి పోతే వాళ్ళ నాయన నన్ను కసిరిండు. నిన్న పొద్దుగూకినంక ఉమ ఫోన్ల నీ ముక్క చూసిన. "దిగి ఏం లాభం" అట! ఇక అయిపోతదట! నా బిడ్డను నాలుగున్నర గంటల దూరం దాకా తెచ్చి, నాకు చూపించుడు లాభం లేదని తిప్పుకపోయినవా?

నిన్నటి నుంచి ఫోన్ కొడ్తనే ఉన్న. నువ్వు వద్దన్నవని తెలుసు, అయినా కొట్టిన. ఒక్కటీ ఎత్తలేదు. శుక్ర, శని నాకిచ్చి ఆదివారం ఉప్పల్‌ల మీ చుట్టాలకు ఇస్తవేమో అనుకున్న, అది కూడా సరే అనుకున్న. పొద్దుగాల తొమ్మిదికి దిగితే దినమంత ఉంటుండె. ఇయ్యాల బోనాలు. అమ్మ కంటికి కట్టుతోనే బోనం ఎత్తి, మనుమరాలు వస్తది, ఆగుండ్రి, ఆగుండ్రి అని అందర్నీ మధ్యాహ్నం దాకా ఆపింది. వాకిట్ల డప్పులు మోగుతుంటే నేను ఎండల నిలబడ్డ. నువ్వే గద నిలబడమన్నది.

రేపు పొద్దుగాల లోపలికి పోతున్న. ఇక రాయకు. చందనకు నేను సచ్చిపోయిన అని చెప్పు. దానికి సుఖం, నీకు సుఖం.

కరుణాకర్


క్రైస్ట్‌చర్చ్,
22 జూలై 2025

కరుణాకర్ గారూ, రాయొద్దన్నారు. రాస్తాను. మీరు చదవకపోతే తనే చదివి వినిపించమని ఉమకి చెప్పాను. అవును, ఉమకే.

నిన్న, సోమవారం, పొద్దున డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర మీ ఉత్తరం తెరిచాను. పైన "నాచారం, ఆదివారం సాయంత్రం" అని ఉంది. తేదీ తప్పు వేశారనుకున్నాను. ఆదివారం సాయంత్రం మీరు నాచారంలో ఎలా ఉంటారు? తెల్లారే లోపలికి వెళ్ళిపోయారు కదా! కింద "రేపు పొద్దుగాల లోపలికి పోతున్న" అని చదివాను. అన్నం వదిలేసి లేచాను.

ఒట్టూ లేదు, గిట్టూ లేదు, ఉమకి ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తింది. "అన్న ఏడి?" అన్నాను. మీ మాటే నా నోట వచ్చింది. "ఇప్పుడే లోపలికి పోయిండు వదినా, గేటు మూసిన్రు, నేను ఇంకా గేటు కాడనే ఉన్న" అంది. మీకక్కడ ఆరు దాటి పది నిమిషాలు.

"ఆదివారం తెల్లారి అని రాశాడు కదా ఉమా!" అని అరిచాను. "అవ్ వదినా, ఆదివారం తెల్లారే గద. ఇయ్యాల సోమవారం" అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. "పండుగ తెల్లారి అంటం, పెండ్లి తెల్లారి అంటం. అంటే మరునాడు గద వదినా. మీరేమంటరు?" అంది.

మేమేమంటాం? ఆదివారం తెల్లారి అంటే ఆదివారం నాడు, చీకటి విడిపోయే వేళ. నేను పుట్టింది గుడివాడలో, పెరిగింది ఉప్పల్‌లో. ఇరవై ఏళ్ళు మీ మధ్య ఉన్నాను, ఈ ఒక్క మాట నా చెవిన పడలేదు. మీరు ఆరు గంటలు అని కూడా రాశారు. నాకు అనుమానం ఎందుకొస్తుంది? ఆదివారం తొమ్మిదింటికి దిగితే మీరు మూడు గంటల ముందే లోపల ఉంటారనుకున్నాను. అందుకే లాభం లేదన్నాను. అయిపోతుందన్నది మీ పెరోల్ గురించి. ఫోన్ మోగుతుంటే, ఆయన లోపలున్నాడు, ఇక చేసేది ఉమే, తిట్టడానికే అనుకుని పక్కన పడేశాను. మోగుతూనే ఉంది, చందన చూస్తూనే ఉంది. "ఎవరు పెద్దమ్మా?" అంది. "ఎవరో లే" అన్నాను.

మీరేనట. నా గొంతు నేనే నులుముకోవాలనిపిస్తోంది.

ఉమా నేనూ ఫోన్లో చాలాసేపు ఏడ్చాం. మీరు చచ్చిపోయారని ఈ పిల్లకి నేను చెప్పను. ఇంకోసారి అలా రాయకండి.

రాజశ్రీ


చర్లపల్లి,
3 ఆగస్టు 2025

వదినా,

ఉమ జాలీ అవతల నిలబడి నీ ఉత్తరం చదివి వినిపించింది. "తెల్లారి" కాడికి వచ్చినంక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. నేను నవ్విన. ఎందుకు నవ్విన్నో తెల్వదు. తర్వాత బ్యారక్‌కు వచ్చి గోడకు తల కొట్టుకున్న. కౌశల్ వచ్చి పట్టుకున్నడు.

సోమవారం అని రాస్తే అయిపోతుండె. సోమవారం! చిన్న మాట. నా నోటికి ఏ మాట అలవాటో అదే చేతికి వచ్చింది. ధనశ్రీకి మా మాటలన్ని తెలుసు, నన్ను ఎక్కిరించుకుంట నేర్చుకున్నది. నీతో నేను ఎన్నడన్న కూచుని నాలుగు మాటలు మాట్లాడితే నీకూ తెలుస్తుండె. మీ ఇంటికి వస్తే నువ్వు కాఫీ ఇచ్చేదానివి, నేను తాగి పోయేటోణ్ణి.

నువ్వు రాసింది చదివినంక నీ మీద కోపం లేదు. కోపం ఉన్నప్పుడే మంచిగుండె, ఎవర్నన్న తిట్టుకుంట పండుకునేటోణ్ణి. ఇప్పుడు తిట్టుటానికి ఎవరూ లేరు. పెరోల్ మళ్ళ ఎప్పుడని అడిగిన. ఇప్పట్ల ఆశ పెట్టుకోకు అన్నరు. అమ్మ కన్ను మంచిగైంది, ఇంక దేని మీద పెట్టుకోవాలె దరఖాస్తు?

వదినా, నువ్వు జాలీ వద్దన్నవు. నేను ఒప్పుకున్న. ఇప్పుడు ఆ మాట తప్పుతున్న. జాలీ అయినా సరే, ఒక్కసారి తీసుకురా. నీ కాళ్ళు పట్టుకుంట. దాని మొఖం నాకు గుర్తుకు వస్తలేదు. నిజంగనే వస్తలేదు. కండ్లు మూసుకుంటే ఐదేండ్ల పిల్ల వస్తుండె, ఇప్పుడు అది కూడా వస్తలేదు.

కరుణాకర్


క్రైస్ట్‌చర్చ్,
17 ఆగస్టు 2025

కరుణాకర్ గారికి,

మీ ఉత్తరం చందనకి చదివాను. కాళ్ళు పట్టుకోవడం, గోడ, ఆ ముక్కలు వదిలేశాను. మీరు తనని చూడాలంటున్నారని, మధ్యలో జాలీ ఉంటుందని చెప్పాను. "నాకు గుర్తుంది, ఆకుపచ్చ రంగు" అంది. నాలుగేళ్ళుగా ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. భయమా అని అడిగాను. "భయమే. కానీ సింగపూర్ నుంచి వెనక్కి రావడం ఇంకా బాగోలేదు" అంది. నేనింకేం అడ్డుపడను?

దాని బడికి సెలవులు. తేదీ అంకెల్లో రాస్తున్నాను, వారం కూడా రాస్తున్నాను, ఉమ చేత రెండుసార్లు చదివించుకుని వినండి: 23-9-2025, మంగళవారం, మధ్యాహ్నం. ములాఖత్‌కి ఉమ పేరు పెట్టించింది. రెండు రోజుల ముందే దిగుతాం, పొగమంచు పట్టినా ఇబ్బంది లేకుండా.

నేను లోపలికి రాను. గేటు బయట కూర్చుంటాను. నేనుంటే అది నా కొంగు వెనక దాక్కుంటుంది. మీ ఇద్దరూ మాట్లాడుకోండి. ఒక్కటే అడుగుతున్నాను, మీరు ముందు ఏడవకండి.

రాజశ్రీ


చర్లపల్లి,
23 సెప్టెంబర్ 2025, మంగళవారం

వదినా,

నువ్వు గేటు బయట ఉన్నవని ఉమ చెప్పింది. లోపల ఏమైందో నీకు తెలియాలె కదా, అందుకే వాళ్ళు పోంగనే కూచుని రాస్తున్న. మీరు విమానం ఎక్కేలోపు ఇది ఉమ నీకు ఇస్తది.

చందన లోపలికి వచ్చింది, నన్ను చూసింది, దాటి పోయింది. అవతలి జాలీ కాడ నిలబడి ఇంకొకాయనను చూస్తున్నది. నేనూ పోల్చుకోలేదు, వదినా. ఎవరి పిల్లనో అనుకున్న. ఉమ భుజం పట్టి ఇటు తిప్పింది. నా ఛాతీ దాకా వచ్చింది. నా కుర్చీలన్నీ దానికి చిన్నగైనై.

నేను ముందు ఏడవలేదు. అదీ ఏడవలేదు. "మీరు నాన్నేనా?" అన్నది. అవునన్న. "మీ మాట పెద్దమ్మ మాటలా లేదు" అన్నది. నేర్చుకుంటవులే అన్న. బడి గురించి చెప్పింది, హృషికేశ్ బాబాయికి గురక వస్తదని చెప్పింది. పెదనాన్న అనాలె, బాబాయి అంటది, నువ్వు దిద్దలేదా? నడుమ నడుమ వేలు జాలీల పెట్టింది. నేను పట్టుకున్న. చేత్తో ముట్టుకోవాలె అని నువ్వు రాసినవు కదా. ఒక వేలు ముట్టుకున్న.

టైమ్ అయిపోయిందని పిలిచిన్రు. ఉమ చెయ్యి పట్టి గుంజుతుంటే కాళ్ళు బిగబట్టి ఆగింది. ఆగి నాతో ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్న. "మేం రెండుసార్లు వచ్చాం నాన్నా. ఈసారి నువ్వు రా. పదిహేడున్నర గంటలే" అన్నది.

నాకు ఎన్నేండ్ల శిక్ష పడిందో దానికి ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు, నాకు తెలుసు, నేనైనా చెప్పకపోదును. వస్త అన్న. ఏం చేస్త, వదినా? వస్త అన్న.

"ఏ రోజు?" అన్నది. అంతల తలుపు మూసిన్రు.

విమానంల నీ పక్కనే కూచుంటది. పదిహేడున్నర గంటలు. నన్నడిగిందే నిన్నడుగుతది. ఏం చెప్తవో నాకు రాయకు, దానికి చెప్పు.

కరుణాకర్